నదిలో కయాకింగ్ ప్లాన్ చేస్తున్నారా? పడవ ఎక్కే ముందే ఇవి చూసుకోండి

రీల్స్‌లో కయాక్ వీడియోలు చూసి "అన్నా, మన గోదావరిలో మేం కూడా వెళ్ళొచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. వెళ్ళొచ్చు. కానీ రిసార్ట్ చెరువులో లైఫ్‌గార్డ్ ముందు తెడ్డు వేయడం వేరు, పల్లెల మధ్య పారే నదిలో మనంతట మనం వెళ్ళడం వేరు. అక్కడ ఏదైనా జరిగితే సాయం వచ్చేసరికి గంట పట్టొచ్చు. అందుకే ఈ ఎపిసోడ్‌లో ప్లానింగ్ గురించే మాట్లాడుకుందాం. కోనసీమలో, డిసెంబరులో, ఒక 12 కిలోమీటర్ల ట్రిప్ అనుకుందాం.

మొదటి ప్రశ్న: ఎగువన డ్యామ్ ఉందా?

2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్ళు పడవ ఎక్కలేదు, ఒడ్డున బండరాళ్ళ మీద ఫొటోలు దిగుతున్నారు. ఎగువన లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు ఒక్కసారిగా వచ్చేశాయి. ఇక్కడ మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే: మన నెత్తి మీద వాన లేకపోయినా నది పెరుగుతుంది.

కోనసీమ పాయలకు ఎగువన ధవళేశ్వరం బ్యారేజీ ఉంది. దిగువకు ఎంత వదులుతున్నారో వార్తల్లో క్యూసెక్కుల్లో చెప్తారు. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. 50 వేల క్యూసెక్కులంటే సెకనుకు 14 లక్షల లీటర్లు! వెళ్ళే రోజు అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, ముందు మూడు రోజులుగా పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. పెరుగుతుంటే వాయిదా వేయండి. ఎందుకంటే ప్రవాహ వేగం రెండింతలైతే అది మనల్ని నెట్టే బలం నాలుగింతలవుతుంది. జూలై నుంచి అక్టోబరు దాకా అసలు ఆలోచనే వద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగింది పెద్ద టూరిస్టు బోటు, అదీ వరద ఉన్న గోదావరిలోనే.

సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఇంకో లెక్క ఉంది, పోటు పాట్లు. యానాం, నరసాపురం వైపు పోటు టైమ్‌లో నీరు ఎదురొస్తుంది. ఆ రోజు పోటు ఎప్పుడో తెలుసుకోకుండా బయల్దేరితే సగం దూరంలోనే చేతులు పడిపోతాయి.

రెండోది: ఎక్కడ దిగుతారు?

ఎక్కే చోటు కంటే దిగే రేవు ముందు ఖాయం చేసుకోండి. మధ్యలో బయటపడటానికి ఇంకో రేవు కూడా చూసి పెట్టుకోండి. కొత్తవాళ్ళు ఆగుతూ వెళ్తే గంటకు 3 కిలోమీటర్లే అనుకోండి. 12 కిలోమీటర్లకు నాలుగు గంటలు. డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకే పొద్దు గూకుతుంది. కాబట్టి ఉదయం ఏడుకే నీళ్ళలో ఉండాలి.

మ్యాప్‌లో చెక్ డ్యామ్ కనబడకపోవచ్చు, ఇసుక తవ్విన గుంతలు అసలే కనబడవు. ముందురోజే వెళ్ళి అక్కడి జాలర్లను అడగండి: సుడులెక్కడ, వలలెక్కడ కట్టారు, ఊబి ఎక్కడ. పడవలకు అనుమతి ఉందో లేదో స్థానిక పోలీసులనూ అడగండి. మంజీరా అభయారణ్యంలో అయితే మొసళ్ళు ఉన్నాయి, అక్కడ ఈ సరదాలు వద్దు.

ఇక ఆనకట్టలు, చెక్ డ్యాములు, తెలంగాణలో కత్వలు. ఎత్తు నాలుగడుగులే కదా, దూకించేద్దాం అనిపిస్తుంది. వద్దు! కింద పడిన నీరు గుండ్రంగా తిరిగి మళ్ళీ గోడవైపే లాగుతుంది. అందులో పడ్డవాళ్ళు లైఫ్ జాకెట్ ఉన్నా బయటపడలేకపోవచ్చు. పైనుంచి చూస్తే నీటి మీద ఒక సన్నని గీతలా తప్ప ఏమీ కనబడదు. ఆ గీత కనిపించగానే ఒడ్డుకు వచ్చి, పడవ మోసుకుని దాటేయండి.

మూడోది: పడవ బోల్తా పడితే?

"నాకు ఈత వచ్చు" అనేవాళ్ళకే చెప్తున్నా. తలకు దెబ్బ తగిలితే ఈత పనికిరాదు. లైఫ్ జాకెట్ అన్ని బకిల్స్ పెట్టి వేసుకోండి. పక్కవాళ్ళు భుజాల దగ్గర పట్టి పైకి లాగితే అది చెవుల దాకా రాకూడదు. వస్తే మీ సైజు కాదు.

పడిపోతే వెల్లకిలా తేలండి, కాళ్ళు ప్రవాహం వైపు పెట్టండి. పారే నీళ్ళలో మోకాలి లోతు వచ్చేదాకా నిలబడొద్దు. రాళ్ళ మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది. పడవకు దిగువన ఉండొద్దు, నీళ్ళు నిండిన కయాక్ వందల కిలోల బరువుతో మిమ్మల్ని రాయికి నొక్కేస్తుంది. ఫ్రెండ్ మునుగుతుంటే వెంటనే దూకకండి, తాడు విసరండి. కాపాడబోయి పోయినవాళ్ళు చాలామంది.

కనీసం ముగ్గురు, రెండు పడవలు. అందరి మెడలో విజిల్. ఫోన్ వాటర్‌ప్రూఫ్ కవర్‌లో. మందు తాగినవాళ్ళు ఒడ్డునే.

చివరగా, బయల్దేరే ముందు ఇంట్లోవాళ్ళకి ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "ఫలానా రేవులో ఏడింటికి ఎక్కుతున్నాం, ముగ్గురం, పసుపు పడవలు. ఒంటిగంటకల్లా ఫలానా రేవులో దిగి ఫోన్ చేస్తాం. మూడింటికి కూడా ఫోన్ రాకపోతే 112కి చెప్పండి." సిగ్నల్ లేని చోట మిమ్మల్ని వెతకడానికి ఎవరైనా బయల్దేరాలంటే ఈ నాలుగు ముక్కలే ఆధారం. దిగాక ఫోన్ చేయడం మాత్రం మర్చిపోకండి.

జాగ్రత్తగా వెళ్ళిరండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.