అడవి కాలితే కబురందించే పెట్టె

అడవిలో మంట పుట్టడానికి పెద్ద కారణమేమీ అక్కర లేదు. ఎవరో ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క చాలు. ఫాల్గుణ మాసపు ఎండకు గలగలలాడే ఆకుల కింద అది చాలాసేపు రాజుకుంటూ వుంటుంది. మంట కనిపించదు. సన్నని పొగ లేస్తుంది; అదీ కొమ్మల మధ్యనే కలిసిపోతుంది. ఆ సమయంలో అక్కడ ఒక్క మనిషి వుంటే పచ్చికొమ్మ విరిచి నాలుగు దెబ్బలు కొట్టి ఆర్పేస్తాడు. రెండు గంటలు ఆలస్యమైతే ఎంతోమంది కావాలి. గాలి కూడా తోడైతే ఆర్పడానికి వెళ్లినవాళ్ల ప్రాణాలకే ముప్పు. చిక్కంతా కబురు తొందరగా తెలియకపోవడంలోనే వుంది.

మన దేశంలో డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ 2004 నుంచి ఉపగ్రహాల సాయంతో రాష్ట్రాల అటవీశాఖలకు మంటల కబుర్లు పంపుతోంది. ఇందుకు వాడే వీర్స్ అనే పరికరం నేలను 375 మీటర్ల గళ్లుగా చూస్తుంది. చాలా ఉపకారి. అయితే దాన్ని మోసే ఉపగ్రహం ఒకే చోటు మీదకు సుమారుగా పగలు ఒకసారి, రాత్రి ఒకసారి వస్తుంది. ఈలోగా రాజుకున్న నిప్పు దాని రాక కోసం ఆగదు గదా! 2014 మార్చిలో తిరుమల చుట్టూ వున్న శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు కూడా రావలసివచ్చింది.

జర్మనీలో బెర్లిన్ నగరం చుట్టూ వున్న బ్రాండెన్‌బర్గ్ రాష్ట్రానిది మరో రకం కష్టం. అక్కడిది ఇసుక నేల. అడవుల్లో ఎక్కువ భాగం పైన్ చెట్లే. వాటి ఒంటినిండా మండే జిగురు. 2018 ఆగస్టులో ట్రాయెన్‌బ్రీట్సెన్ అనే ఊరి దగ్గర సుమారు 400 హెక్టార్ల అడవి తగలబడింది. మూడు గ్రామాలను ఖాళీ చేయించారు. ఆ నేలలో రెండవ ప్రపంచ యుద్ధం నాటి మందుగుండు ఇంకా పాతిపడి వుంది. వేడికి అది పేలుతుందన్న భయంతో అగ్నిమాపక దళం లోపలికి వెళ్లి పనిచేయడం కష్టమైపోయింది. అటువంటి అడవిలో మంట పెద్దదయ్యాక చేయగలిగింది తక్కువ. ఎత్తయిన బురుజుల మీద పొగను కనిపెట్టే కెమెరాలు అక్కడ వున్నాయి. కాని పొగ చెట్ల తలలు దాటి పైకి వస్తేనే వాటి కంటబడుతుంది. 2020లో అదే రాష్ట్రంలోని ఎబర్స్‌వాల్డెలో మొదలైన డ్రయాడ్ నెట్‌వర్క్స్ అనే సంస్థ మరో దారి పట్టింది. కళ్లకు బదులు ముక్కును, అదీ అడవి లోపలే, చెట్టుకే తగిలించింది.

ముక్కు సంగతి ముందు చూద్దాం. కట్టె సరిగా మండక రాజుకుంటున్నప్పుడు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్, రకరకాల కర్బన ఆవిరులు వస్తాయి. ముక్కులో తగరపు ఆక్సైడు వంటి ఒక లోహపు ఆక్సైడు పొర వుంటుంది. దాన్ని ఒక బుల్లి హీటరు వేడిచేస్తుంది. వేడెక్కిన పొరమీద గాలిలోని ఆక్సిజన్ అంటుకుని, పొరలోని ఎలక్ట్రానులను పట్టి వుంచుతుంది. అందువల్ల విద్యుత్ నిరోధం ఎక్కువగా వుంటుంది. కార్బన్ మోనాక్సైడు వచ్చి ఆ ఆక్సిజన్‌తో కలిసిపోగానే ఎలక్ట్రానులకు విడుదల దొరుకుతుంది, నిరోధం పడిపోతుంది. బడిలో ఆక్సీకరణం, ఓం నియమం చదివినవారికి ఇందులో కొత్త ఏమీ లేదు. జపాన్‌లో టగుచి అనే ఆయన 1960లలో వంటగ్యాసు కారితే పసిగట్టడానికి ఈ ఉపాయాన్నే వాడాడు.

సరే, ముక్కు పసిగట్టింది. ఎవరికి చెప్పాలి? దట్టమైన అడవిలో సెల్‌ఫోను సిగ్నలు వుండదు. ప్రతి చెట్టుకూ తీగ లాగలేం. వైఫై వంద మీటర్లు కూడా దాటదు. పైగా ఆ పరికరానికి వున్నది అరచేతి మేర సూర్యఫలకం, చెట్టు నీడలో దొరికే కాస్త వెలుతురు. కాబట్టి గట్టిగా అరిచే శక్తి దానికి లేదు. గొంతు చిన్నది, దూరం పెద్దది!

ఇక్కడ కోయిలను తలచుకోండి. సంతలో వందమంది మాట్లాడుకుంటున్నా, ఎక్కడో మామిడి కొమ్మ మీది కోయిల కూత మన చెవిని చేరుతుంది. అందుకు దాని గొంతు పెద్దదన్న కారణం ఒక్కటే చాలదు. ఆ స్వరం కింది స్థాయిలో మొదలై పైకి జారుతూ పోతుంది. అలా ఎక్కే స్వరం సంత గోలలో ఇంకెక్కడా వుండదు కనుక చెవి దాన్ని ఏరి పట్టుకుంటుంది. లోరా అనే రేడియో పద్ధతి కిటుకు అదే. ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో పుట్టిన సైక్లియో అనే చిన్న సంస్థ దీన్ని రూపొందించింది. 2012లో సెమ్‌టెక్ కంపెనీ కొనుక్కుంది. ఇందులో ప్రతి సంకేతం పౌనఃపున్యంలో కింది నుంచి పైకి జారే ఒక కూత. ఆ కూత ఎక్కడ మొదలైందన్న దాన్నిబట్టి అందులోని అంకె తెలుస్తుంది.

కూతను ఎంత సాగదీస్తే అంత దూరం వినిపిస్తుంది. ఇందుకు 7 నుంచి 12 దాకా మెట్లున్నాయి. మామూలు అమరికలో 7వ మెట్టు మీద ఒక కూత ఒక మిల్లీసెకను కంటే కాస్త ఎక్కువ. 12వ మెట్టు మీద సుమారు 33 మిల్లీసెకనులు. ఒక్కో మెట్టుకు రెట్టింపు అవుతుందన్నమాట. 12వ మెట్టు మీద గ్రాహకం ఎంత బలహీనమైన కూత వినగలదో తెలుసా? ఐరోపాలో ఈ పరికరాలు సాధారణంగా 25 మిల్లీవాట్లకు మించి పంపరాదు. అందులో పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం అందినా చాలు! అయితే లాభంతోపాటు నష్టమూ వుంది. 7వ మెట్టులో సెకనులో ఇరవయ్యో వంతులో ముగిసే చిన్న కబురు, 12వ మెట్టులో సెకను దాటిపోతుంది. అంతసేపూ బ్యాటరీ ఖర్చు. అంతసేపూ దారి ఇంకొకరికి అడ్డు. అందుకే అక్కడి చట్టం సాధారణంగా నూటికి ఒక వంతు కాలమే మాట్లాడనిస్తుంది: ఒకటిన్నర సెకను మాట్లాడితే రెండున్నర నిమిషాలు నోరు మూసుకోవాలి. మన దేశంలో ఇటువంటి పనులకు 865 నుంచి 868 మెగాహెర్ట్‌జుల మధ్య, పరిమిత శక్తితో, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు.

ఈ కూతలను వినే పెట్టెనే గేట్‌వే అంటారు. దీన్ని పల్లెటూరి తపాలా ఆఫీసుతో పోల్చవచ్చు. చుట్టుపక్కల నుంచి వచ్చే ఉత్తరాలన్నిటినీ పోగుచేసి పైకి పంపడమే దాని పని. ఉత్తరం విప్పి చదవదు. చదవలేదు కూడా, ఎందుకంటే కబుర్లన్నీ రహస్య లిపిలో వస్తాయి. మామూలు రకం పెట్టె ఒకేసారి ఎనిమిది దారుల మీద, అన్ని మెట్లలోనూ వింటూ వుంటుంది. ఒకే కూత రెండు గేట్‌వేలకు వినిపిస్తే రెండూ పంపుతాయి. దూరాన వున్న కంప్యూటరు ఒకటి వుంచుకుని రెండోది తీసేస్తుంది. ఎబర్స్‌వాల్డె సంస్థ అడవి లోపలి గేట్‌వేలను ఒకదానికొకటి కబురు అందించుకునేలా చేసింది. అడవి నడిమధ్యనుంచి బయలుదేరిన కబురు చేతులు మారుతూ అంచు దాకా వస్తుంది. అంచున వున్న గేట్‌వే దాన్ని సెల్‌ఫోను జాలానికో, అదీ లేకపోతే ఉపగ్రహానికో అప్పగిస్తుంది.

ఈ పెట్టెను ఎక్కడ పెట్టాలి? ఎత్తున పెట్టాలని అందరూ చెబుతారు. నిజమే. ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే భూమి గుండ్రనం అడ్డురాకుండా ఎన్ని కిలోమీటర్లు చూడవచ్చో వస్తుంది. 9 మీటర్ల స్తంభం మీదనుంచి 10.7 కిలోమీటర్లు. కాని ఇది చదునైన మైదానం మాట. కొండ అడ్డం వస్తే లెక్క చెల్లదు. ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. రెండు కొసల మధ్య బూడిద గుమ్మడికాయను సాగదీసినట్టు లావుపాటి దారి కావాలి. 866 మెగాహెర్ట్‌జుల తరంగ దైర్ఘ్యం 35 సెంటీమీటర్లు, అంటే మీ స్కూలు స్కేలు కంటే కాస్త పొడుగు. ఆ తరంగానికి 5 కిలోమీటర్ల దూరంలో నడిమధ్య ఆ గుమ్మడికాయ వ్యాసార్థం సుమారు 21 మీటర్లు! అందులో సగానికి పైగా ఖాళీగా వుండాలి. కంటికి ఎదుటి కొండ స్పష్టంగా కనిపిస్తున్నా కబురు అందకపోవడానికి కారణం ఇదే. మధ్యలోని చెట్ల తలలు ఆ దారిలోకి పొడుచుకువచ్చి వుంటాయి.

చెట్లు తరంగాన్ని తాగేస్తాయి కూడా. ఆకుల్లో వున్న నీరే అందుకు ముఖ్య కారణం. మన నల్లమల వంటి ఆకురాల్చే అడవిలో దీని పర్యవసానం తమాషాగా వుంటుంది. మంటల కాలంలో ఆకులు రాలిపోతాయి కనుక కబురు తేలికగా పోతుంది. శ్రావణ భాద్రపదాల్లో తడిసి ముద్దయిన పచ్చదనంలో చిక్కుకుంటుంది. మంటలు లేని కాలంలో కబురు అందకపోతే నష్టమేమిటి అనవచ్చు. నష్టం వుంది, చివర చెబుతాను. నన్నడిగితే పరీక్ష వర్షాకాలంలోనే చేయాలంటాను.

ఏరియల్ ఎంపికలోనూ ఒక మెలిక వుంది. ఎక్కువ బలమున్న ఏరియల్ అంటే కొత్త శక్తి పుట్టించేది కాదు. అన్ని వైపులకూ పోయే శక్తిని అప్పడంలా అణిచి పక్కలకు పంపుతుంది. కొండ కొమ్మున దాన్ని నిలిపితే దూరపు కొండలు బాగా వింటాయి, పాదాల దగ్గరి లోయలో వున్న ముక్కుల గోడు వినిపించదు. అచ్చంగా దీపం కింద చీకటి. లోయలే ముఖ్యమైతే తక్కువ బలమున్నదే మేలు. ఏరియల్‌కూ పెట్టెకూ మధ్య కేబులు పొడుగున్నా నష్టమే. సన్నని రకం కేబులు ఆరు మీటర్లు వుంటే శక్తి దాదాపు సగం అందులోనే వేడిగా మారిపోతుంది. అందుకే పెట్టెను కూడా స్తంభం పైకే ఎక్కిస్తారు. ఎత్తున నిలిపినదాన్ని పిడుగు వెతుక్కుంటూ వస్తుంది కనుక నేలలోకి ఎర్తు కడ్డీ దింపడం తప్పనిసరి. మన అడవుల్లోనైతే కోతులు లాగలేనట్టు తీగలను ఇనుప గొట్టంలో దూర్చాలి. జర్మనీ పుస్తకాల్లో ఈ మాట వుండదు!

ఇక తిండి. పెట్టె 5 వాట్లు తింటుందనుకుందాం. రోజుకు 5 × 24 = 120 వాట్-గంటలు. 12 వోల్టుల, 40 ఆంపియర్-గంటల బ్యాటరీలో 480 వాట్-గంటలు వుంటాయి; ఎండ లేకపోయినా నాలుగు రోజులు. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయడం మంచిది కాదు కనుక మూడు రోజులే అనుకోండి. రోజుకు ఐదు గంటల నిండు ఎండ దొరికితే 24 వాట్ల సూర్యఫలకం సరిపోవాలి. కాని ముసురు పట్టిన తరువాత బ్యాటరీని తిరిగి నింపాలి గదా, అందుకని 50 వాట్లది పెట్టడం తెలివైన పని. ఫలకం మీద ఆకు నీడ పడరాదు. ఒక కొమ్మ నీడ పడినా ఫలకం ఇచ్చే శక్తి బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడు ఇందాక వాయిదా వేసిన మాట. అడవి నుంచి ఏ కబురూ రాకపోతే దాని అర్థమేమిటి? మంటలు లేవని కావచ్చు. గేట్‌వే చచ్చిపోయిందని కూడా కావచ్చు. ఆఫీసులో కూర్చున్న మనిషికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక గేట్‌వే ఆగితే దాని పరిధిలోని వందలాది ముక్కులు ఒక్కసారిగా మూగపోతాయి. కావలివాడు నిద్రపోయాడని తెలియని ఊరు, కావలివాడు లేని ఊరి కంటే ప్రమాదంలో వుంటుంది. లేడని తెలిస్తే మనమే మేలుకుని వుంటాం గదా. అందుకే ప్రతి ముక్కూ రోజులో కొన్నిసార్లయినా, వాసన ఏమీ లేకపోయినా, "నేను బాగానే వున్నాను" అని పంపాలి. ఏడాది పొడుగునా పంపాలి. నిరుడు వర్షాల్లో పాడైనదాని సంగతి ఈ వేసవి మంటల్లో తెలుసుకుంటే ఏం లాభం? ప్రతి ముక్కు కూత కనీసం రెండు గేట్‌వేలకు వినిపించేలా వాటిని నాటడం కూడా ఇందుకోసమే. ఖర్చు పెరుగుతుంది. కాని ఖర్చు తగ్గించడానికి ఇది తగిన చోటు కాదని నా అభిప్రాయం.

మీకొక పని. కొండ మీద 16 మీటర్ల స్తంభానికి గేట్‌వే కట్టాం. కొండ చుట్టుపక్కల చదును నేలకంటే 84 మీటర్లు ఎత్తు. భూమి గుండ్రనం ఒక్కటే అడ్డు అనుకుంటే, నేలబారున ఎంత దూరం దాకా ఆ పెట్టెకు కనిపిస్తుంది? అదే పెట్టె 6 వాట్లు తింటే, పైన చెప్పిన బ్యాటరీ ఎండ లేకుండా ఎన్ని గంటలు నడుపుతుంది? లెక్కకట్టి మీ మాస్టారుకు చూపించండి.