"ఇంకా ఉంది... ఇంకా ఉంది"

రాత్రి రెండింటికి ఆన్‌కాల్ ఫోన్ మోగింది. చంటిదాన్ని భుజాన వేసుకునే లాప్‌టాప్ తెరిచాను. రద్దీ మామూలే, కానీ మెమరీ నిండిపోయి సర్వర్ పడిపోయింది.

ఎసింక్ సర్వర్ ఒంటిచేత్తో వందమందికి వడ్డించే ఇల్లాలు. ఒకరి మాట సగంలో ఉండగానే, దాన్ని గుర్తుపెట్టుకుని పక్క విస్తరికి వెళ్తుంది. ఎవరైనా "ఇంకా ఉంది" అంటూ ముగించకపోతే? అన్నీ మోయలేక కూలబడుతుంది.

2024 ఏప్రిల్ 3న పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ సర్ట్ కేంద్రం హెచ్చరించింది ఇలాంటి లోపం గురించే. హెచ్‌టీటీపీ/2లో అంతులేని కంటిన్యుయేషన్ ఫ్రేములు వస్తే, కొన్ని సర్వర్లను కూల్చడానికి ఒక్క కనెక్షన్ చాలు.

మందు ఒకటే: హెడర్లకు పరిమితి, గడువు. దాటితే కనెక్షన్ కట్.

తెల్లారాక మేనేజర్‌కి చెప్పేశాను, నా ఆన్‌కాల్ ఇక నెలకో వారమేనని. హద్దు సర్వర్‌కేనా, మనకొద్దూ?