మూడవ చక్రము

సైకిలునకు చక్రములు రెండేయని మనము చిన్ననాటినుండి నమ్మియున్నాము. మూడు చక్రములుగల సైకిలు నొకదానిని నేను మా కళాశాల ప్రహరీగోడ ప్రక్కన మూడు సంవత్సరములపాటు ప్రతిదినము చూచినాను. చూచినాననుటకంటె దాని ప్రక్కనుండి నడచిపోయినాననుట సత్యము. ఆ మూడవ చక్రము ఒక సానరాయి. దానిని త్రిప్పెడివాడు అరువది దాటిన వృద్ధుడు. అతనికి ఇల్లు లేదని మేమందరము అనుకొనెడివారము. అది మా పొరపాటు. అతని ఇల్లు మా కన్నులయెదుటనే రెండు చక్రములమీద నిలిచియుండెడిది.

ఒకనాడు మా ఇంటి కత్తిపీట మొద్దువారినదని దానిని తీసికొని అతనికడకు పోయినాను. అప్పుడే ఆ యంత్రమును దగ్గరనుండి చూచుట తటస్థించినది. మూలమున అది మనమందరము ఎరిగిన నల్లని సైకిలే. కాని మామూలు స్టాండు తీసివేసి, దాని స్థానమున వెడల్పైన ఇనుపచట్రము నొకదానిని అతికించినారు. సైకిలును వెనుకకు లాగి ఆ చట్రముపై నిలిపినచో వెనుకచక్రము నేలకు బెత్తెడెత్తున గాలిలో నిలుచును. ఆ చక్రమునకు ప్రక్కగా, దానితోపాటు తిరుగునట్లు, టైరులేని చిన్న రిమ్ము నొకదానిని బిగించినారు. ఆ రిమ్ము గాడినుండి ఒక బెల్టు బయలుదేరి, సీటు ముందర పైకమ్మీమీద అమర్చిన సానరాతి ఇరుసును చుట్టివచ్చును. అతడు సీటుపై కూర్చుండి పెడళ్లు త్రొక్కినచో సైకిలు కదలదు, రాయి తిరుగును. పని ముగిసిన పిమ్మట బెల్టు ఊడదీసి, చట్రము పైకెత్తి కట్టినచో అదే సైకిలు మరల వీధులవెంట పోవును.

నాతో వచ్చిన మా గణితాధ్యాపకుడు ఊరకుండలేక పండ్లు లెక్కపెట్టినాడు. ముందు పళ్లచక్రమునకు 48, వెనుక పళ్లచక్రమునకు 18. అనగా పెడలు ఒకసారి తిరిగినచో వెనుకచక్రము రెండుసార్లు, మరి మూడింట రెండువంతులు తిరుగును. ప్రక్కనున్న రిమ్ము అడ్డుకొలత 20 అంగుళములు. సానరాతి ఇరుసునకున్న కప్పీ 2 అంగుళములు. రిమ్ము ఒకసారి తిరిగినచో రాయి పదిసార్లు తిరుగును. ఈ లెక్కను పెడలు నిమిషమునకు 60 సార్లు త్రొక్కువాడు రాతిని 1600 సార్లు త్రిప్పుచున్నాడన్నమాట. బెల్టు జారుటవలన కొంత తగ్గవచ్చును. ఈ లెక్కను ఉన్నతపాఠశాల విద్యార్థి పలకమీద వేయగలడు. కాని మా మిత్రుడు అంతటితో ఆగక, “కప్పీ ఇంకా చిన్నది వేస్తే రాయి ఇంకా వేగంగా తిరుగుతుంది గదా?” అని అడిగినాడు.

“తిరుగుద్దండి. కానీ కత్తి కాలుద్ది. కాలిన కత్తికి పదును నిలవదు మేష్టారూ” అని, హ్యాండిలునకు వ్రేలాడుచున్న డబ్బాలోని నీటిలో కత్తిపీట అలుగును ముంచి, మరల రాతికి ఆనించినాడు.

ఉక్కు మితిమీరి వేడెక్కినచో దాని బిగువు సడలునని లోహశాస్త్రము చెప్పును. అతడు ఆ శాస్త్రము చదువలేదు. కప్పీ కొలతయందు ఆ శాస్త్రమును వ్రాసికొన్నాడు.

సాయంకాలమైన పిమ్మట ఆ యంత్రమే గృహమగుచుండెను. గోడలోని మేకునకు ఒక త్రాడు, హ్యాండిలునకు ఒక త్రాడు కట్టి, నడుమ పాత పరదా పరచినచో పైకప్పు సిద్ధము. సైకిలు చట్రములోని మూడుమూలల ఖాళీలో ఎరువుల బస్తాను కత్తిరించి కుట్టిన సంచి ఒకటి ఇమిడియుండును. పగలు అందులో సుత్తి, ఆకురాయి, చీలలు. రాత్రి అగ్గిపెట్టె, మందుబిళ్లలు, ఒక పాత ఛాయాచిత్రము. క్యారియరుపై చుట్టిన చాప, దుప్పటి. దాని క్రింద ఒక గిన్నె, ఒక పళ్లెము. ముడి అవసరమైన చోటనెల్ల పాతట్యూబు పేలికలే. త్రాడువలె కోసికొనిపోవు, వానకు కుళ్లవు, లాగినంత సాగి మరల బిగియును. ముందుటైరులో గాలి లేదు. గుడ్డపీలికలు, పాతట్యూబు ముక్కలు కూరి కుట్టినాడు. ప్రయాణము కుదుపుగానుండును గాని పంక్చరు భయము లేదు. పండుకొనునప్పుడు చక్రమునకు ఒక త్రాడు కట్టి, రెండవకొసను మణికట్టునకు చుట్టుకొనెడివాడు. మనము తలుపునకు గడియ వేసికొందుము. అతని గడియ ఆ త్రాడు.

ఆ గోడ చివర కాలువవంతెన క్రింద ఒక స్త్రీ నివసించుచుండెడిది. కాగితములు, సీసాలు, పాతయినుము ఏరి అమ్ముట ఆమె వృత్తి. ఆమెకును ఒక సైకిలు కలదు. దానికి సీటు లేదు, గొలుసు లేదు, పెడళ్లు లేవు. ఎవరో దొంగిలించినారేమో యనుకొని అడిగినాను.

“నేనే తీయించేశాను బాబూ. తోసేదానికి పెడళ్లెందుకు? పిక్కలు చీరుకుపోటానికి గాని” అన్నది.

ఆమె మాటలోని తర్కము కాదనరానిది. సీటుండవలసిన గొట్టములో నిలువుగా ఒక కర్ర దిగగొట్టియున్నది. హ్యాండిలు ఎడమకొమ్మునకు బారెడు వెదురుబద్ద కట్టియున్నది. ఇరుప్రక్కల బస్తాలు నింపిన పిమ్మట సైకిలు చెంతకు పోవుటకు చోటుండదు గనుక, ఆమె దూరముగా నిలిచి ఒక చేత కర్రను, ఒక చేత వెదురును పట్టి త్రోసికొనిపోవును. ఈ అమరిక చరిత్రలో ప్రసిద్ధమైనది. 1954వ సంవత్సరమున వియత్నాములో దియెన్ బియెన్ ఫూ వద్ద ఫ్రెంచిసేనలతో యుద్ధము జరిగినప్పుడు, వేలకొలది సామాన్యజనులు సరిగా ఇట్లే సైకిళ్లకు కర్రలు కట్టి, ఒక్కొక్కదానిపై 200 కిలోలవరకును, అంతకు మించియు బియ్యము, మందుగుండు ఎక్కించి కొండదారుల త్రోసికొనిపోయినారు. ఝార్ఖండ్ గనుల ప్రాంతమున బొగ్గుబస్తాలను సైకిళ్లపై త్రోసికొనిపోవు కూలీలును ఉన్నారు. మా వంతెనక్రింది స్త్రీ వీరి కథలు వినియుండదు. బరువును మోయలేని దేహము, బండి కొనలేని చేయి ఎక్కడ కలిసినను ఈ ఉపాయము పుట్టుచున్నదని నాకు తోచినది.

ఇంతకును సైకిలే వీరికి ఎందుకు ఆధారమైనదని విద్యార్థులు అడుగవచ్చును. 1817లో జర్మనీదేశస్థుడు కార్ల్ డ్రైస్ నిర్మించిన తొలిబండికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు నడిపెడివారు. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ వెనుకచక్రమునకు గొలుసుకట్టి తయారుచేసిన రోవర్ సైకిలుతో నేటి రూపము స్థిరపడినది. 1888లో డన్లప్ గాలిటైరు వచ్చినది. ఆపైన మూలరూపము పెద్దగా మారలేదు. మన దేశమున 1949లో మద్రాసునందు టి.ఐ. సంస్థ, 1956లో లుధియానాయందు హీరో సంస్థ సైకిళ్ల నిర్మాణమునకు పూనుకొన్నవి. పోస్టుమాను, పాలవాడు, బడిపంతులు, అందరును ఇంచుమించు ఒకే రూపముగల సైకిలెక్కినారు. అందుచేత ఒకరు పారవేసిన చక్రము మరియొకరి చట్రమునకు అమరును. ఏ భాగమును మూత లోపల దాగియుండదు. చూచినవానికి పని తెలియును, ఒక పానా, ఒక సుత్తి ఉన్నవాడు బాగుచేసికొనగలడు. పేదవానికి ఇంత బహిరంగముగా తన మర్మము చెప్పిన యంత్రము మరియొకటి లేదు.

ఇక చెప్పుటకు నాకు కష్టముగానున్న భాగమునకు వచ్చుచున్నాను.

మా కళాశాలకు ఒక తనిఖీసంఘము రావలసియుండెను. పరిసరముల శుభ్రతకై నియమించిన ఉపసంఘములో నేనొక సభ్యుడను. తెలుగు అధ్యాపకుడను గనుక ఉత్తరము వ్రాయు పని నాకు అప్పగించినారు. “ప్రహరీగోడ వెంబడి పేరుకొనియున్న చెత్తసామానును తొలగింపగోరుచున్నాము” అని పురపాలకసంఘమునకు వ్రాసి సంతకము చేసినాను. వ్రాయునప్పుడు ఆ సైకిలు నా మనస్సులో లేదు. లేకపోవుటయే నా దోషము.

నాలుగు దినముల పిమ్మట తెల్లవారుజామున లారీ వచ్చినది. వృద్ధుడు కాలువకు స్నానమునకు పోయియుండెను. తిరిగివచ్చునప్పటికి గోడలోని మేకు మాత్రము మిగిలినది.

అతడు నాకడకే వచ్చినాడు. “అర్జీ రాసి పెట్టండి మేష్టారూ. మీ చెయ్యి మంచిదంటారు” అన్నాడు. వ్రాసినాను. వస్తువు వర్ణన, కొన్న రశీదు, గుర్తింపు సంఖ్య అని ప్రశ్నలు వచ్చినవి. రశీదు గురించి అడుగగా, “దేనికండీ రశీదు? ఫ్రేము ఓ పాలాయనిచ్చింది. వెనక చక్రం పాతసామాన్ల కొట్లోది. చట్రం రిక్షాది. బెల్టు పిండిమరది. రాయొక్కటే నేను కొన్నది” అన్నాడు. పిమ్మట ఒక్కొక్క అతుకు, ఒక్కొక్క మర, ఏ ప్రక్క ఏ చువ్వ మారినదో కూడ చెప్పుకొనిపోయినాడు. నేను పూర్తిగా రెండు పుటలు వ్రాసినాను. ముప్పది సంవత్సరములుగా ప్రబంధవర్ణనలు బోధించుచున్నాను. ఒక వస్తువును ఇంత పూర్తిగా ఎరిగినవానిని అరుదుగా చూచినాను.

మా ప్లీడరు మిత్రుడు కొన్ని సంగతులు చెప్పినాడు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారము, అప్పు తీర్చలేనివాని ఆస్తిని జప్తుచేయునప్పుడు సైతము అతని వంటపాత్రలను, పక్కబట్టలను, చేతిపనివాని పనిముట్లను ముట్టరాదు. ఈ నియమము పురపాలకసంఘపు లారీకి వర్తింపదు. కాని అందలి న్యాయదృష్టి గమనింపదగినది. పాత్రలు, పక్క, పనిముట్లు, ఈ మూడును మా వృద్ధునికి ఒక్క సైకిలుమీదనే యున్నవి. 1985లో బొంబాయి కాలిబాటవాసుల వ్యాజ్యమున సుప్రీంకోర్టు, తగిన నోటీసుతో తొలగించుటకు అధికారులకు అవకాశమిచ్చినను, జీవనోపాధి హక్కు జీవించుహక్కులో భాగమని ప్రకటించినది. 2014 నాటి వీధివ్యాపారుల చట్టము వీధిలో సేవలందించువారిని కూడ తన పరిధిలోనికి తీసికొన్నది. స్వాధీనపరచుకొన్న సామగ్రికి జాబితా ఇయ్యవలెననియు, పాడుకాని వస్తువులను యజమాని కోరిన రెండు పనిదినములలో తిరిగి ఇయ్యవలెననియు అది విధించినది.

మేము ఆరు దినములు తిరిగినాము. అక్కడి ఉద్యోగి కఠినుడేమియు కాడు. నా రెండు పుటల జాబితాను చేతబట్టుకొని, కుప్పలోని సైకిలును అంగమంగము సరిచూచి, “ఇది ఈయనదే” అని ఇచ్చివేసినాడు. చాప లేదు, గిన్నె లేదు, సంచి లేదు. సానరాయి రెండుగా పగిలియున్నది.

ఆ ఆరు దినములు ఏమి తింటివని నేనడుగలేదు. అతడే ఒక మాట చెప్పినాడు: “తిండికేముందండీ, ఎవరో ఒకరు పెట్టారు. చేతికి తాడు లేకపోతే నిద్దరే పట్టలేదు.”

తిరిగివచ్చుచుండగా ఆ మొదటి ఉత్తరము వ్రాసినది నేనేయని చెప్పినాను. అతడు కొంతదూరము మాటాడక సైకిలు త్రోసికొనుచు నడచినాడు. పిమ్మట, “కాయితంలో ఏమని రాశారండీ?” అని అడిగినాడు.

“చెత్తసామాను అని.”

“సామానే గదండీ. చెత్తెందుకయింది?”

నాకు సమాధానము తోచలేదు. కొత్త సానరాయి వెల నేనిచ్చినాను. అది దానము కాదు, పగులగొట్టినవాడు చెల్లించిన పరిహారము. కళాశాల గోడకు అతడు మరల రాలేదు. ఊరిలో మరియొక వీధిని త్రాడు కట్టుకొనుచున్నాడు. నెలకొకసారి మా ఇంటిముందు ఆ కేక వినబడును.

నేను వ్రాసిన రెండు ఉత్తరముల నకళ్లు ఒకే దస్త్రములో ఉన్నవి. మొదటిదానిలో “చెత్తసామాను”, రెండవదానిలో “జీవనోపాధి సాధనము”. రెండును ఒకే వస్తువునకు నేను పెట్టిన పేర్లు. తరగతిలో పర్యాయపదములు చెప్పునప్పుడు ఈ రెండును నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: మీ విద్యార్థులకు ఈ వారము ఒక వ్యాసము వ్రాయ నియమింపుడు. వీధిలో నిలిచియున్న అట్టి బండి నొకదానిని చూచి, దాని యజమానితో మాటాడి, ఏ భాగము ఏ పనికి అమర్చినారో తెలిసికొని వ్రాయవలెను. పేరు పెట్టుట ఆ పిమ్మట.