రెండు నిమిషాల మాట

మా కడప జిల్లా దువ్వూరు పక్క సంగటి ముద్ద చిన్నదిగా ఉండదు. నడుమ గుంట చేసి, నెయ్యి పోసి, చెనక్కాయల ఊరుబిండి నంజుకుంటూ ఒక ముద్ద దించినాక, రెండోది వడ్డించబోతే “ఇంగ చాలు పిన్నమ్మా” అని చెయ్యి అడ్డం పెడతాం. ఆ ‘చాలు’ ఎక్కడ పుట్టింది? కడుపు నిండింది కాబట్టి అన్నామనుకుంటాం. అందులో పేగుల వాటా కూడా ఉంది. తిన్నది పేగులోకి దిగగానే లోపలి పొరలోని ఎల్-కణాలు రక్తంలోకి ఒక హార్మోనును వదులుతాయి. పేరు జీఎల్‌పీ-1. క్లోమాన్ని ఇన్సులిన్ వదలమంటుంది, జీర్ణాశయాన్ని నిదానించమంటుంది, మెదడుకు ‘చాలు’ అని కబురు పెడుతుంది. రెండు నిమిషాలు గడిచేసరికి అందులో సగం విరిగిపోయి ఉంటుంది.

జనం ‘సన్నబడే సూది’ అంటున్న మందు కథంతా ఆ రెండు నిమిషాలను వారం రోజులకు సాగదీసిన కథే.

పేగు కబురు పంపుతుందని 1964లోనే గట్టిగా తెలిసింది. గ్లూకోజును నరంలోకి ఎక్కిస్తే ఊరే ఇన్సులిన్ కంటే, నోటితో తాగితే ఊరేది చాలా ఎక్కువ. నడుమ ఎవరో దూత ఉండాలి. 1980ల మొదట్లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో జోయెల్ హాబెనర్ బృందం యాంగ్లర్ అనే సముద్రపు చేప క్లోమంలో గ్లూకగాన్ జన్యువును చదువుతుంటే, దాని పక్కనే మరో హార్మోను గుర్తు కనపడింది. మనుషుల జన్యువులోనూ అలాంటిదే దొరికింది. అక్కడే పనిచేసే స్వెత్లానా మొయ్‌సోవ్ మాసిడోనియాలో పుట్టిన రసాయన శాస్త్రవేత్త. అమైనో ఆమ్లాలను పూసల్లా ఒక్కొక్కటే గుచ్చి పెప్టైడ్ దండ తయారుచేసే విద్యను ఆ పద్ధతి కనిపెట్టిన బ్రూస్ మెరిఫీల్డ్ దగ్గరే నేర్చుకుంది. జన్యువు చూపించిన 37 పూసల దండలో మొదటి ఆరు ఊడిపోతాయనీ, పనిచేసేది ఏడో పూస నుంచనీ ఆమె లెక్కగట్టింది. 1987లో ఎలుక క్లోమం మీద అది రుజువైంది. అదే ఏడు కోపెన్‌హాగెన్‌లో యెన్స్ హోల్స్ట్ కూడా అదే ముక్క దగ్గరికి చేరాడు. పేటెంట్లలో తన పేరు చేర్పించుకోవడానికి మొయ్‌సోవ్ ఏళ్లతరబడి పోరాడాల్సి వచ్చింది. 2024లో లాస్కర్ బహుమతి ఇచ్చినప్పుడు హాబెనర్ పక్కన ఆమె పేరూ నిలిచింది.

హార్మోను దొరికినా మందు కాలేదు. రక్తంలో డీపీపీ-4 అనే ఎంజైము కత్తెర పట్టుకుని తిరుగుతుంటుంది. జీఎల్‌పీ-1 కనపడగానే తల దగ్గర రెండు పూసలు తెంచేస్తుంది. మిగిలింది మూత్రపిండాల పాలు. ఆగకుండా సెలైన్ బాటిల్‌లో ఎక్కిస్తే షుగరు దిగుతుంది గానీ, బాటిల్ తగిలించుకుని ఎవడు చేనికి పోతాడు?

దారి చూపింది ఒక ఎడారి బల్లి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ మాజీ సైనికుల ఆసుపత్రి డాక్టరు జాన్ ఇంగ్ విషజంతువుల విషాల్లో హార్మోన్ల కోసం వెతుకుతూ, 1992లో గీలా మాన్‌స్టర్ విషంలో ఎక్సెండిన్-4ను పట్టుకున్నాడు. ఈ బల్లి కరిచిందంటే వదలదు, మన ఉడుంపట్టు లాంటిదే. కొవ్వును తోకలో దాచుకుని నెలల తరబడి తిండి లేకుండా గడపగలదు. దాని ఎక్సెండిన్ సగానికి పైగా మన జీఎల్‌పీ-1ను పోలి ఉంటుంది. డీపీపీ-4 కత్తెరకు మాత్రం తెగదు. దాన్ని ల్యాబులో తయారుచేస్తే, 2005 ఏప్రిల్‌లో అమెరికా ‘బయెట్టా’ పేరుతో అనుమతించింది. రోజుకు రెండు సూదులు. ఇది విని మా లంకమల అడవి ఉడుముల వెంట ఎవరూ పడొద్దు. ఆ జంతువు వేరు, ఈ జంతువు వేరు. పైగా ఉడుమును పట్టడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

నిమిషాలు గంటలయ్యాయి. గంటలను రోజులు చేసింది డెన్మార్క్‌లోని నోవో నార్డిస్క్‌లో లోటె బియెరె నుడ్సెన్ బృందం. హార్మోనుకు ఒక కొవ్వు తోక తగిలించారు. రక్తంలో ఆల్బుమిన్ అనే పెద్ద ప్రోటీను ఎప్పుడూ తిరుగుతుంటుంది, కొవ్వు దానికి అంటుకుంటుంది. ఒంటరిగా నడిచే మనిషిని దారిలో దొంగ దోచుకుంటాడు. అదే మనిషి పల్లెవెలుగు బస్సెక్కి కూర్చుంటే దొంగకు అందడు, ఊరూరా దిగి పని చూసుకుని మళ్లీ ఎక్కుతాడు. ఆల్బుమినే ఆ బస్సు. 16 కర్బనాల తోకతో వచ్చిన లిరాగ్లుటైడ్ సగం కరగడానికి 13 గంటలు పట్టింది, రోజుకొక సూది సరిపోయింది. తర్వాత తోకను 18 కర్బనాలకు పెంచి, తల నుంచి రెండో పూసను మార్చి కత్తెరకు పట్టు దొరక్కుండా చేశారు. అదే సెమాగ్లుటైడ్. వారానికి ఒక్క సూది.

2017 డిసెంబరులో ఇది ‘ఒజెంపిక్’గా అమెరికాలో షుగరు మందుగా వచ్చింది. వాడినవాళ్లకు షుగరుతో పాటు ఆకలీ తగ్గింది. బరువు కోసమే 1,961 మందితో 68 వారాలు పరీక్షిస్తే, సూది వేసుకున్నవాళ్లు సగటున 14.9 శాతం, మందు లేని ఉత్తి సూది వేసుకున్నవాళ్లు 2.4 శాతం తగ్గారు. నూరు కిలోల మనిషి ఎనభై అయిదుకు దిగినట్టు. 2021 జూన్‌లో అదే మందు ఎక్కువ మోతాదులో ‘వెగోవీ’ అయింది. రెండు పేగు హార్మోన్ల పనిని ఒకే దండలో కలిపిన టిర్జెపటైడ్ 72 వారాల్లో 20.9 శాతం దాకా తగ్గించింది.

ఈ మందును ఇంటికి చేర్చింది పెన్ను ఆకారపు సూది. నోవో 1985లో ఇన్సులిన్ కోసం చేసిన పెన్నే దీనికి తాత. అడుగున ఉన్న చక్రాన్ని తిప్పితే టిక్ టిక్ మంటూ మోతాదు అంకె కిటికీలో కనపడుతుంది. సన్నని సూదిని పొట్ట చర్మంలోకి దించి మీట నొక్కితే అంకె సున్నాకు వస్తుంది. అప్పుడే సూది లాగేయకూడదు, నిదానంగా ఆరు లెక్కపెట్టాలి. ఆ ఆరంకెల్లోనే వారానికి సరిపడా ‘చాలు’ లోపలికి పోతుంది.

తెలుగువాళ్లకు ఈ కథలో పాత చుట్టరికం ఉంది. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో పెట్టిన కల్లం అంజిరెడ్డి గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు రైతు కొడుకు. మైదుకూరు పసుపు పండించే మా పక్కవాళ్లకు ఆ కష్టం తెలుసు. సొంత అణువులు కనిపెట్టాలన్నది ఆయన పట్టు. 1997లో తమ షుగరు మందు బాలగ్లిటజోన్‌ను లైసెన్సుకు తీసుకున్నది ఇదే నోవో నార్డిస్క్. దాని తర్వాతి రాగాగ్లిటజార్ కూడా అక్కడికే వెళ్లింది. ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనపడటంతో 2002లో ఆగిపోయింది. ఇరవై ఏళ్లు దాటాక ఆ రెండు కంపెనీలు సెమాగ్లుటైడ్ కోసం ఢిల్లీ హైకోర్టులో ఎదురుబొదురు నిలబడ్డాయి. పేటెంటు లేని దేశాలకు తయారుచేసి పంపుకోవచ్చని 2025 డిసెంబరులో డాక్టర్ రెడ్డీస్‌కు వెసులుబాటు దొరికింది. మన దేశంలో ఈ మందు మీది ఇరవై ఏళ్ల పేటెంటు గడువు 2026 మార్చితో తీరింది.

గడువుకు అంత విలువ ఎందుకో ధర చెబుతుంది. 2025 మార్చిలో ఈ కోవదే అయిన టిర్జెపటైడ్ ‘మౌంజారో’ పేరుతో మన దేశానికి వచ్చినప్పుడు అతి చిన్న మోతాదు సీసా 3,500 రూపాయలు. నాలుగు వారాలకు 14,000. అవసరం ఉన్నవాళ్లు మాత్రం తక్కువ లేరు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం మంది ఉండాల్సిన బరువు దాటి ఉన్నారు.

ధర దిగినా ఎండ దిగదు. తెరవని పెన్ను 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. ప్రొద్దుటూరులో కొని, మే నెల మిట్టమధ్యాహ్నం బండి డిక్కీలో పెట్టుకుని దువ్వూరు వస్తే దాని బలం మీద నమ్మకం పెట్టుకోలేం. చల్లగా ఉండాలని ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టిస్తే ఇక పారేయాల్సిందే. సెమాగ్లుటైడ్ మోతాదు 0.25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నెలకొక మెట్టు ఎక్కాలి. తొందరపడితే వికారం, వాంతులు. క్లోమం వాపు అరుదుగా, పిత్తాశయంలో రాళ్లు కొందరికి వస్తాయి. ఇంట్లో ఎవరికైనా మెడల్లరీ రకం థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా, కడుపుతో ఉన్నా ఈ సూది జోలికి పోకూడదు. కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది గనక, సగం తగ్గిన కంచంలో పప్పు, గుడ్డు తగ్గకూడదు. పెండ్లికి నెల ముందు సన్నబడదామని డాక్టరు చీటీ లేకుండా వేసుకునే మందు కాదిది.

సూది ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని సెమాగ్లుటైడ్ మీద చేసిన ఆ 1,961 మంది పరీక్ష కొనసాగింపులో తేలింది. మందు బస్సు దిగిపోయింది, రక్తంలో కత్తెర ఎప్పటిలాగే తిరుగుతోంది, మన సొంత ‘చాలు’ మళ్లీ రెండు నిమిషాల మాటే అయింది. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీ.

అందుకే డాక్టరు ముందు కూర్చున్నప్పుడు “ఎన్ని కిలోలు తగ్గుతా సార్?” అని ఊరుకుంటే సగమే అడిగినట్టు. చీటీ చేతికి రాకముందే ఇంకొకటి అడగాలి: “ఎన్నాళ్లు ఏసుకోవాల సార్?”