టీకా నష్టపరిహార వివాదాలు

టీకా నష్టపరిహార వివాదం అనగా టీకా వేయించుకున్న తరువాత సంభవించిన మరణానికి, వైకల్యానికి లేదా తీవ్ర అనారోగ్యానికి ఆ టీకాయే కారణమని ఆరోపిస్తూ బాధితులు గాని, వారి కుటుంబీకులు గాని పరిహారం కోరే వ్యాజ్యం. ఇందులో రెండు ప్రశ్నలు ప్రధానమైనవి. మొదటిది, హానికి టీకా నిజముగా కారణమా అన్నది. రెండవది, కారణమైనచో బాధ్యత ఎవరిది అన్నది. భారతదేశంలో 1985లో ప్రారంభమైన సార్వత్రిక టీకా కార్యక్రమానికి సంబంధించి పరిహారం కొరకు ప్రత్యేక చట్టం చేయబడలేదు. అందువలన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వంటి ప్రాంతాలలో ఇటువంటి వివాదం తలెత్తినప్పుడు సాధారణ చట్టాలే ఆధారమగుచున్నవి.

టీకా తరువాతి ప్రతికూల ఘటన

టీకా వేసిన తరువాత కలిగే ఏ అవాంఛనీయ ఆరోగ్య పరిణామాన్నైనా వైద్య పరిభాషలో "టీకా తరువాతి ప్రతికూల ఘటన" అంటారు. ఈ పేరులో "తరువాత" అన్న మాటయే గాని "వలన" అన్న మాట లేదు. కాకి వాలుట, తాటిపండు రాలుట ఒకే క్షణంలో జరిగినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణం కాదని చెప్పే కాకతాళీయ న్యాయం ఇక్కడ వర్తిస్తుంది. శైశవంలో టీకాలు అనేకం వేయబడును. ఇతర కారణాల వలన శిశువులు జబ్బుపడుట కూడా ఆ వయసులోనే అధికం. కావున రెండూ దగ్గర దగ్గరగా జరుగుట అరుదు కాదు. అయినను నిజమైన దుష్ప్రభావాలు లేకపోలేదు. కాబట్టి ప్రతి తీవ్ర ఘటనను విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ననుసరించి ఈ ఘటనలను నాలుగు వర్గాలుగా విభజిస్తారు.

* టీకాతో కారణ సంబంధం ఉన్నవి. వీటిలో టీకా స్వభావం వలన కలిగినవి, టీకా నాణ్యతా లోపం వలన కలిగినవి, టీకా వేయుటలో జరిగిన పొరపాటు వలన కలిగినవి, సూది భయం వలన కలిగినవి అను ఉపవర్గాలు ఉన్నవి.
* నిర్ధారింపజాలనివి.
* యాదృచ్ఛికమైనవి, అనగా వేరొక కారణం వలన కలిగినవి.
* సమాచారం చాలనందున వర్గీకరింపబడనివి.

కోవిడ్ టీకాల తరువాత సంభవించిన 31 తీవ్ర ఘటనలపై జాతీయ కమిటీ పరిశీలన ఫలితాలు 2021 జూన్‌లో వెలుగులోకి వచ్చినవి. వాటిలో 18 యాదృచ్ఛికమైనవిగా, 7 నిర్ధారింపజాలనివిగా, 3 టీకా స్వభావం వలన కలిగినవిగా, 1 సూది భయం వలన కలిగినదిగా, 2 వర్గీకరింపబడనివిగా తేలినవి. టీకా స్వభావానికి సంబంధించిన ముగ్గురిలో తీవ్రమైన ఎలర్జీ (అనాఫిలాక్సిస్) వలన ఒకరు మరణించగా, ఇద్దరు కోలుకున్నారు.

దర్యాప్తు విధానం

గ్రామ స్థాయిలో ఏఎన్ఎం లేదా ఆశా కార్యకర్త ద్వారా సమాచారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి చేరుతుంది. మరణం, ఆసుపత్రిలో చేరిక, వైకల్యం వంటి తీవ్ర ఘటనలైనచో వైద్యాధికారి 24 గంటలలోగా జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి నివేదించవలెను. 2015 జాతీయ మార్గదర్శకాల ప్రకారం ప్రాథమిక దర్యాప్తు పత్రం 10 రోజులలోను, తుది దర్యాప్తు పత్రం 70 రోజులలోను పూర్తి కావలెను. ఆ పిమ్మట రాష్ట్ర కమిటీ కారణ నిర్ధారణ చేస్తుంది.

ఈ దర్యాప్తు ముఖ్యోద్దేశం కార్యక్రమ భద్రతయే గాని బాధ్యత నిర్ణయం కాదు. కమిటీ అభిప్రాయం న్యాయస్థానానికి ఒక సాక్ష్యం మాత్రమే. అయినను వ్యాజ్యం బలాబలాలు చాలవరకు తొలి రోజులలో తయారైన పత్రాలపైననే ఆధారపడి ఉంటాయి. వాటిలో ముఖ్యమైనవి: టీకా పేరు, తేదీ నమోదైన మాతా శిశు సంరక్షణ కార్డు, బ్యాచ్ నంబరు, ఆసుపత్రి కేసు షీటు, మరణం సంభవించినచో శవపరీక్ష నివేదిక. శవపరీక్ష జరగనిచో అనేక సందర్భాలలో ఘటన "వర్గీకరింపబడనిది"గానే మిగిలిపోతుంది. ప్రభుత్వ కార్యాలయాల వద్దనున్న పత్రాల కొరకు సమాచార హక్కు చట్టం, 2005 క్రింద దరఖాస్తు చేసుకొనవచ్చును. దానికి సాధారణ గడువు 30 రోజులు.

ఏ వేదికను ఆశ్రయించవలెను

టీకా ఎక్కడ వేయబడినది, దానికి రుసుము చెల్లింపబడినదా అన్న అంశాలను బట్టి వేదిక మారుతుంది.

వినియోగదారుల కమిషన్: ప్రైవేటు ఆసుపత్రిలో రుసుము చెల్లించి టీకా వేయించుకున్నవారు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చును. గడువు రెండు సంవత్సరాలు. తయారీ లోపం, తగిన హెచ్చరికలు ఇవ్వకపోవుట వంటి కారణాలపై ఉత్పత్తిదారుని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చును. ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేసే వీలు ఈ చట్టంలో ఉన్నది. ఉపాధి కొరకు హైదరాబాదు, చెన్నై వంటి నగరాలకు వలసపోయే శ్రీకాకుళం వాసులకు ఇది ఉపయోగకరం. నగరంలో టీకా వేయించుకొని స్వగ్రామానికి తిరిగి వచ్చినవారు శ్రీకాకుళంలోని జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చును. అయితే అందరికీ ఉచితంగా సేవలందించే ప్రభుత్వ కేంద్రాలు ఈ చట్టం పరిధిలోనికి రావని సుప్రీంకోర్టు 1995లో భారత వైద్య సంఘం కేసులో పేర్కొన్నది. గ్రామాలలో పిల్లలకు టీకాలు ప్రధానంగా ఇటువంటి కేంద్రాలలోనే వేయబడుచున్నవి.

సివిల్ న్యాయస్థానం: ప్రభుత్వ కేంద్రంలో నిర్లక్ష్యం జరిగినదని ఆరోపించేవారు సివిల్ దావా వేయవచ్చును. ప్రభుత్వంపై దావాకు ముందు సాధారణంగా రెండు నెలల నోటీసు ఇవ్వవలెను. మరణానికి పరిహారం కోరే దావాకు కాలపరిమితి రెండు సంవత్సరాలు. ప్రభుత్వ వైద్యుల నిర్లక్ష్యానికి రాష్ట్రమే బాధ్యత వహించవలెనని 2000లో హర్యానాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది.

హైకోర్టు: ప్రాథమిక హక్కుల ఉల్లంఘన స్పష్టంగా ఉన్నచో రాజ్యాంగం 226వ అధికరణ క్రింద హైకోర్టులో రిట్ వేయవచ్చును. వైద్యపరమైన కారణం వివాదాస్పదమైనప్పుడు సాక్ష్య విచారణ అవసరం గనుక ఇటువంటి రిట్లలో పరిహారం పొందుట కష్టం.

ప్రయోగ దశలోని టీకాలకు నియమాలు వేరు. క్లినికల్ ట్రయల్‌లో హాని కలిగినచో 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమావళి ప్రకారం ప్రయోగ నిర్వాహక సంస్థ ఉచిత చికిత్సను, పరిహారాన్ని సమకూర్చవలెను. 2020లో కోవాక్సిన్ ప్రయోగాలకు ఎంపికైన 12 సంస్థలలో ఉత్తరాంధ్ర వాసులు చికిత్సకై వెళ్ళే విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి ఒకటి.

రాజీ పరిష్కారం

ఈ వివాదాలలో ఇరుపక్షాలకూ అనిశ్చితి ఉన్నందున రాజీకి అవకాశముంటుంది. శ్రీకాకుళం, విజయనగరంలలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలు లోక్ అదాలత్‌లను నిర్వహిస్తాయి. లోక్ అదాలత్ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉన్నది. దానిపై అప్పీలు లేదు; అప్పటికే చెల్లించిన కోర్టు రుసుము తిరిగి ఇవ్వబడును. ఆసుపత్రి సేవలు "ప్రజోపయోగ సేవలు"గా నిర్వచింపబడినందున కోర్టుకు వెళ్ళక ముందే శాశ్వత లోక్ అదాలత్‌కు దరఖాస్తు చేయవచ్చును. స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. సీతంపేట, పార్వతీపురం ప్రాంతాల సవర, జాతాపు కుటుంబాలకు ఈ నిబంధన ముఖ్యమైనది. ఈ ప్రాంతాలు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి.

బాధితుడు మైనరైనచో అతని తరఫున దావా నడిపే తల్లిదండ్రులు న్యాయస్థానం అనుమతి లేకుండా రాజీ కుదుర్చుకొనరాదు. అనుమతి లేని రాజీని మైనరు తరఫున సవాలు చేయవచ్చును. తక్షణ అవసరంలో ఉన్న కుటుంబం తక్కువ మొత్తానికి అంగీకరించి, బిడ్డ జీవితకాల సంరక్షణకు కావలసిన ధనాన్ని కోల్పోకుండా ఈ నియమం కాపాడుతుంది. ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా దయాపూర్వక సహాయమే గాని బాధ్యతను అంగీకరించినట్లు కాదు. "సమస్త క్లెయిములు పరిష్కారమైనవి" అన్న పత్రంపై సంతకం చేసినచో తదుపరి వ్యాజ్యానికి అది అడ్డంకి కాగలదు.

తెలుగు ప్రాంతాల ఘటనలు

2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణకై పాత్ అను అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలసి 10 నుండి 14 సంవత్సరాల బాలికలకు హెచ్‌పీవీ టీకాలు వేయించినవి. గుజరాత్‌లో కూడా ఇటువంటి కార్యక్రమమే జరిగినది. రెండు రాష్ట్రాలలో కలిపి ఏడుగురు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిపివేయబడినది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణ కమిటీకి ఆధారాలు కనబడలేదు. అయితే 2013 ఆగస్టు నాటి పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక అంగీకార పత్రాల సేకరణను తీవ్రంగా విమర్శించినది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాలలో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేసినట్లు పేర్కొన్నది. ఆశ్రమ పాఠశాలలు అధికంగా ఉన్న ఉత్తరాంధ్ర మన్యానికి కూడా ఈ అంశం వర్తిస్తుంది.

2019 మార్చిలో హైదరాబాదు నాంపల్లిలోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో టీకా పొందిన శిశువులకు పారాసిటమాల్‌కు బదులు ట్రమడాల్ మాత్రలు ఇవ్వబడినవి. శిశు మరణం సంభవించి, పలువురు నీలోఫర్ ఆసుపత్రిలో చేర్పించబడ్డారు. టీకాలో దోషం లేకున్నను, టీకా కార్యక్రమంలో జరిగిన పొరపాటు హాని కలిగించగలదనుటకు ఇది ఉదాహరణ.

తప్పుతో నిమిత్తం లేని పరిహారం

కొన్ని దేశాలలో ఎవరి తప్పునూ నిరూపించనవసరం లేకుండా పరిహారం చెల్లించే పథకాలు ఉన్నవి. జర్మనీ 1961లోను, బ్రిటన్ 1979లోను, అమెరికా 1986 నాటి చట్టం ద్వారాను వీటిని ఏర్పరచినవి. అమెరికాలో టీకా డోసులపై విధించే పన్నుతో నిధి సమకూర్చబడుచున్నది. టీకా సమాజమంతటి రక్షణ కొరకు వేయబడును గనుక, అరుదుగా కలిగే నష్టాన్ని కూడా సమాజమే భరించవలెనన్నది ఈ పథకాల మూలసూత్రం.

భారతదేశంలో కోవిడ్ టీకాల సందర్భంగా ఈ ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చినది. టీకా స్వచ్ఛందమని, పరిహారం కోరేవారు సివిల్ కోర్టులను ఆశ్రయించవచ్చునని 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రమాణపత్రం దాఖలు చేసినది. అంతకు ముందు అదే సంవత్సరం మే 2న వేరొక కేసులో సుప్రీంకోర్టు ఎవరినీ బలవంతంగా టీకా వేయించుకొమ్మనరాదని తీర్పునిస్తూ, ప్రతికూల ఘటనల సమాచారాన్ని ప్రజలకు అందుబాటులో ఉంచవలెనని ఆదేశించినది.

ఇవి కూడా చూడండి

* సార్వత్రిక టీకా కార్యక్రమం
* లోక్ అదాలత్
* వినియోగదారుల రక్షణ చట్టం
* పార్వతీపురం మన్యం జిల్లా