నిలిపిన ట్రాక్టరు బ్యాటరీ

పెద్దలారా, పని లేదని ఎద్దుకు మేత మానుదుమా? ఉభాలు ముగిసి సాలలో నిలిపిన ట్రాక్టరు బ్యాటరీయు అట్టిదే. వాడకున్నను అది తరుగుచుండును. వేడికి మరింత తరుగును. అట్లే విడిచినచో లోని సీసపు పలకలపై గట్టిపొర పేరుకొని, అది మరల శక్తిని నిలుపుకొనజాలదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపానునకు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు కూలెను; కరెంటు పోయెను. అట్టివేళ దారి తీయవలసిన ట్రాక్టరు మొరాయించినచో ఛార్జి చేయుటకును వీలుండదు.

కావున నేను మనవి చేయున దిది. నిలుపునాడే మైనసు తీగను విప్పుడు. నెలకొకసారి మీటరుతో చూచి, 12.4 వోల్టులకు దిగకమునుపే ఛార్జి చేయింపుడు. మూతలుగల బ్యాటరీలో నీరు తరిగినచో డిస్టిల్డు వాటరే పోయుడు, బావినీరు వలదు. ఛార్జి చేయుచోట చుట్ట వెలిగింపకుడు. అప్పుడు వెలువడు హైడ్రోజను వాయువు ప్రేలును.

తుపాను కబురు విని పరుగిడుటకంటె నెలనెలా చూచుకొనుట మేలు.