నల్లరేగడిలో మరుగుదొడ్డి గుంట – లోతు మేలా, వెడల్పు మేలా?



మొన్న ఒక రేగడి ఊళ్లో ఓ పెద్దాయన నన్ను ఆపి, “ఏం బాబూ, దొడ్డి కట్టుకోమన్నారు, కట్టుకున్నాం. వానలు పడేసరికి గుంట పొంగుతోంది. ఇంకో పదడుగులు లోతు తవ్వించమంటావా?” అని అడిగారు. “వద్దు బాబాయ్, ఆ పని మాత్రం చేయొద్దు” అన్నాను.

ఎందుకంటారా? గుంటలో నీరు చుట్టూ ఉన్న మట్టిలోకి ఇంకాలి. రేగడి తడిస్తే ఉబ్బి బిగుసుకుంటుంది గదా! త్వరగా నీరు పీల్చదు. లోతు పెంచిన కొద్దీ గుంట అడుగు భూగర్భజలానికి దగ్గరవుతుంది. ఆ మలినం చేరేది మనం తోడుకునే బావికే.

అందుచేత ఒక లోతు గుంటకు బదులు రెండు చిన్న గుంటలు తవ్వుకోవాలి. ఐదుగురున్న ఇంటికి మామూలు నేలలో మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతు చాలు. రేగడిలో వెడల్పు పెంచాలి. ఒరలకు చిల్లులుండాలి. వాటి బయట చుట్టూ అడుగు మందాన ఇసుకగాని, సన్న కంకరగాని నింపాలి. రెండు గుంటల నడుమ మీటరు ఎడం వదలాలి.

డెల్టా పల్లపు ఊళ్లలో నీరు పైకే ఉంటుంది. అక్కడ గుంటను నేలమట్టానికి పైకి లేపి, చుట్టూ మట్టి కట్ట వేయాలి. అడుగును సిమెంటుతో మూసి, చుట్టూ అర మీటరు మందాన సన్న ఇసుక పోయాలి. బావికి, బోరుకు కనీసం 10 మీటర్ల దూరం తప్పనిసరి. స్నానాల నీరు, వంటింటి నీరు ఈ గుంటల్లోకి వదలరాదు. వాటికి వేరే ఇంకుడుగుంట ఉండాలి.

ఒకసారికి ఒక గుంటే వాడాలి. అది నిండితే రెండోదానికి మళ్లించి, మొదటిదాన్ని రెండేళ్లు మూసి ఉంచాలి. అప్పటికి లోపలిది వాసన లేని పొడి ఎరువవుతుంది. “దాన్ని ముట్టుకోవడమా?” అంటారేమో. 2017 ఫిబ్రవరిలో వరంగల్ ప్రాంతపు గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగా గుంటలో దిగి ఆ ఎరువు ఎత్తి చూపారు. ఒకే గుంట ఉంటేనో, నిండినప్పుడు పచ్చి మలం ఎత్తాలి. మనిషిచేత ఆ పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది.

పెద్దాయన పాత గుంటను పూడ్చలేదు. దాన్ని మూసి ఉంచి, పక్కన వెడల్పాటి రెండో గుంట తవ్వించారు. ఖర్చు ఒక్క గుంటకే అయింది. మీ నేల చూసి, మీరూ ఆలోచించండి. సెలవు.